వాళ్ళమ్మకి మొగుణ్ణి

కర్టెన్లావిడ అంటే ఆ చుట్టుపక్కల వీధుల్లో తెలియనివాళ్ళు లేరు. కిటికీ ఎంతుందో నోటితో చెబితే చాలు, గుడ్డ ఎంత పడుతుందో, కుచ్చిళ్ళు ఎలా తీస్తే బాగుంటుందో అక్కడికక్కడే చెప్పేసేది. కర్టెన్ల షాపు వెనకగది ఆమెది. గదికి అడ్డంగా పొడుగాటి కత్తిరింపు బల్ల, బల్ల అంచుకి మేకులు కొట్టి బిగించిన కొలతల టేపు, గోడవారన రెండు కుట్టుమిషన్లు, ఎంత ఊడ్చినా నేలని వదలని దారప్పోగులు. పెళ్ళయిన కొత్తలో ఆ గదిలో పనికి చేరింది. ఇప్పుడు చత్వారం కళ్ళజోడు పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

షాపులో ఆమె గలగలా మాట్లాడే మనిషి. ఇంటికి చేరేసరికి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు మాటలు కూడా విడిచి లోపలికి వెళ్ళేది.

మొగుడు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మెకానిక్. పనిమంతుడు. తాగడు, చెయ్యి చేసుకోడు. వంక పెట్టడానికి ఏమీ లేని మనిషని బయటివాళ్ళు అనుకునేవాళ్ళు. ఇంట్లో మాత్రం, కూతురు పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల తన పిల్ల కాదన్న నమ్మకం ఒకటి పెట్టుకుని దాన్నే మేపుకుంటూ వచ్చాడు.

ఆమె కడుపుతో ఉందని తెలిసిన రోజుల్లో అతను వేరే ఊళ్ళో కోల్డ్ స్టోరేజీ బిగించే పనిలో ఉన్నాడు. అంతకు ముందు సెలవు మీద ఒకసారి ఇంటికి వచ్చి వెళ్ళాడు. పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. పిడికెడంత ఉన్న పిల్లని అద్దాల పెట్టెలో పెట్టారు. అతనే స్వయంగా ఆ అద్దానికి ముఖం ఆనించి చూశాడు. అయినా ఇంటికి వచ్చి వేళ్ళు మడుస్తూ తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. ఆ లెక్క ప్రకారం అతను అప్పుడు ఇంట్లో లేడు. నెలలు తక్కువ పిల్లకి తొమ్మిది నెలల లెక్కేమిటయ్యా అని డాక్టరు చెప్పింది. ఆ మాట చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు.

ఎక్కకుండా అడ్డుపడింది అతని అక్క. పిల్లని ఒళ్ళో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మన ఇంట్లో ఇలా అతుక్కున్న చెవులు ఎవరికీ లేవురా" అంది. ఏదో ఊసుపోక అన్న మాటలా అంది. అతనిలో అది మేకులా దిగిపోయింది.

తర్వాత పనివాళ్ళ దగ్గర ఎక్కడైనా నోరు జారాడేమో గాని, ఇంట్లో అతను ఎప్పుడూ నోరు తెరిచి ఆ మాట అనలేదు. అనకుండానే అనడం అతనికి బాగా చేతనవును. "మీ అమ్మాయికి జ్వరంగా ఉన్నట్టుంది చూసుకో." "మీ అమ్మాయి స్కూల్లో ఏదో రమ్మన్నారట, వెళ్ళు." పిల్లకి కావలసినవన్నీ కొనేవాడు, ఎవరో తెలిసినవాళ్ళ పిల్లకి కొన్నట్టు. ఒక్కనాడు కొట్టలేదు. ఒక్కనాడు ఎత్తుకోనూ లేదు. కర్టెన్లావిడ మొదట్లో ఒట్లు పెట్టింది, ఏడ్చింది, తిండి మానేసింది. "ఇప్పుడు నేనేమన్నానని" అనేవాడు అతను. నిజమే, ఏమీ అనలేదు. ఆమె ఏడవడం మానేసి, కుట్టుమిషను మీద పడింది.

కూతురు పెద్దదై డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పే పనిలో చేరింది. పక్కసీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్ళు ఎంత కంగారుపడ్డా గొంతు పెంచకుండా "బ్రేకు. నెమ్మదిగా. మళ్ళీ" అని చెప్పే పిల్ల. ఉద్యోగం దొరకగానే వేరే గది తీసుకుని వెళ్ళిపోయింది. ఒకరోజు, నేర్చుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి బ్రేకు అనుకుని ఆక్సిలరేటర్ అదిమిపెట్టాడు. ఈ పిల్ల తన వైపు బ్రేకు తొక్కేలోపే కారు గోడని గుద్దుకుంది. ఆయనకి గీత కూడా పడలేదు. ఈమె కాలు విరిగింది.

తల్లీ తండ్రీ ఆసుపత్రికి వెళ్ళేసరికి కాలికి కట్టు వేసి వార్డులో పడుకోబెట్టారు. పొడుగు వార్డు. అటొక వరస, ఇటొక వరస మంచాలు. నర్సు అట్ట పట్టుకుని వచ్చి మెకానిక్‌ని అడిగింది.

"పేషెంటుకి మీరేమవుతారు?"

"వాళ్ళమ్మకి మొగుణ్ణి" అన్నాడు అతను.

ఏమంత గట్టిగా అనలేదు. కానీ పక్కమంచం దగ్గర పండు ఒలుస్తున్నావిడ చెయ్యి ఆగిపోయింది. ఏం రాయాలో తోచక నర్సు పెన్ను పట్టుకుని నిలబడింది. కూతురు ముఖం గోడవైపు తిప్పుకుంది.

"తండ్రి అని రాసుకోమ్మా" అంది కర్టెన్లావిడ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

అప్పటికే మెకానిక్ చూపు మంచం కాళ్ళవైపు వేలాడుతున్న చీటీ మీద ఉంది. పేరు కింద రక్తం గ్రూపు రాసి ఉంది. ఓ పాజిటివ్. అతను దగ్గరికి వెళ్ళి మళ్ళీ చదువుకున్నాడు. ఎప్పుడో పోయిన వస్తువు దొరికినవాడిలా ముఖం విప్పారింది. కూతురికి ఎలా ఉందని కూడా అడక్కుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాది బి. నీది ఏ. మీ అమ్మాయిది ఓ. ఎక్కడ్నుంచి ఊడిపడిందో ఆ ఓ, నువ్వే చెప్పు."

ఇన్నేళ్ళకి మొదటిసారి నోరు విప్పి అడిగాడు. గ్రూపుల సంగతి ఆమెకేం తెలుసు. తాను ఏ పాపం ఎరగనని మాత్రం తెలుసు. అయినా ఒక్క క్షణం, అద్దాల పెట్టెలు వరసగా ఉన్న ఆ గదిలో పిల్లలు గాని మారిపోయారా అనిపించింది. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది. కన్నబిడ్డనే అనుమానించే స్థితికి తెచ్చాడు తనని ఈ మనిషి.

"పరీక్ష చేయిద్దాం. తండ్రెవరో తేల్చే పరీక్షలున్నాయట కదా."

"నాకెందుకు పరీక్ష? నాకు తెలుసు."

"నాకు కావాలి."

"నీకు తెలియదా ఏంటి" అని నవ్వి, కుర్చీ వెనక్కి జరుపుకుని లేచాడు.

మర్నాడు ఆమె షాపుకి సెలవు పెట్టి, అతని పళ్ళు తోముకునే బ్రష్షుని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని బయల్దేరింది. కళ్ళజోళ్ళ దుకాణం మీద, రెండో అంతస్తులో ఉంది ల్యాబ్. సన్నటి మెట్లు, పైన అద్దం తలుపు, లోపల మందుల వాసన. బల్ల వెనక కూర్చున్న ల్యాబ్ డాక్టరమ్మ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. తెల్లకోటు జేబు మీద ఇంకు మరక ఉంది. ఆమె కవరు వంక చూసింది గాని చెయ్యి చాపలేదు.

"ఇది కోర్టు కేసు కోసమా, మీ ఇంటి కోసమా?"

"ఇంటి కోసమే."

"ఆయనకి తెలుసా, మీరిది తెచ్చినట్టు?"

కర్టెన్లావిడ కవరుని తన వైపుకి లాక్కుంది.

"బ్రష్షులోంచి కూడా ఒక్కోసారి తీయొచ్చమ్మా. కానీ మనిషికి తెలియకుండా తెచ్చినదాన్ని మేం ముట్టుకోం. రేపు రిపోర్టు వచ్చాక ఆ బ్రష్షు నాది కాదు అంటే మీరేం చేస్తారు?"

అంటాడు. తప్పకుండా అంటాడు. ఆమెకి ఆ గొంతు కూడా వినిపించింది.

"అదీగాక తడి బ్రష్షుని ప్లాస్టిక్‌లో చుడితే లోపలున్నది పాడవుతుంది. ఆయన్ని తీసుకురండి. మీ అమ్మాయి చిన్నపిల్ల కాదు కాబట్టి ఆమె ఒప్పుకోలు కూడా కావాలి. మీరు కూడా ఇస్తే ఇంకా మంచిది, లెక్క తేలిగ్గా తేలుతుంది. రక్తం తీయక్కర్లేదు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దుతాం, అంతే."

ఓ గ్రూపు సంగతి అడగాలని కర్టెన్లావిడకి నోటిదాకా వచ్చింది. వినకూడనిది వినాల్సి వస్తుందేమోనని భయపడి, అడక్కుండానే మెట్లు దిగింది. ఇంటికి వెళ్ళి బ్రష్షుని కడిగి గ్లాసులో పెట్టేసింది. మర్నాడు పొద్దున అతను నురగలు కక్కుతూ దానితోనే పళ్ళు తోముకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

తర్వాత వారాల తరబడి ఇంట్లో అదే పోరు. ఆమె అడిగేది, అతను తప్పించుకునేవాడు. పని ఉందనేవాడు, పడిశం పట్టిందనేవాడు, ల్యాబులన్నీ దొంగవనేవాడు. కర్టెన్లావిడకి మెల్లమెల్లగా ఒక సంగతి తెలిసొచ్చింది. ఆ అనుమానాన్ని పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేదు. ఇన్నేళ్ళూ ఏ గొడవ మొదలైనా, కూరలో ఉప్పు దగ్గర మొదలైనా సరే, తిరిగి తిరిగి ఆ 'మీ అమ్మాయి' అన్న మాటకే చేరేది. అక్కడికి చేరగానే ఆమె నోరు మూతపడేది. అంత అక్కరకొచ్చే వస్తువుని ఎవరు మాత్రం వదులుకుంటారు?

చివరికి అతన్ని కదిలించింది కూతురు. ఆమెకి చంకల్లో కర్రలతో నడవడం వచ్చాక తల్లి సంగతంతా చెప్పింది. ఆ పిల్ల అంతా విని, "నేనూ వస్తానమ్మా. నాకూ తెలియాలి" అంది. తన పక్షాన నిలబడింది కదా అని తల్లి కడుపు చల్లబడింది. కూతురే తండ్రికి ఫోన్ చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల అతన్ని ఏదైనా అడగడం అదే మొదలు.

అతను అక్క దగ్గరికి పరుగెత్తాడు. ఆ అక్క, "వెళ్ళరా. ఓ అని ఆసుపత్రివాళ్ళే రాసిచ్చాక నీకు భయమేంటి? నలుగురి ముందూ తేలిపోనీ. నేనూ వస్తా" అంది.

అలా నలుగురూ ల్యాబ్ మెట్లెక్కారు. కూతురు ఒక్కో మెట్టు మీద కర్రలు ఊని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పైమెట్టు మీదికి ఒళ్ళు లాక్కుంటుంటే మెకానిక్ ఆమెని దాటుకుని ముందు వెళ్ళిపోయాడు. తీరా పైకి వెళ్ళాక, అతని నోట్లో లవంగం ఉందని తేలింది. నోట్లో ఏదైనా ఉంటే అరగంట ఆగాలని, ఈలోపు నీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోవద్దని ల్యాబ్ డాక్టరమ్మ చెప్పింది. గోడవారన ఒకదానికొకటి తగిలించిన ఇనప కుర్చీల్లో నలుగురూ కూర్చున్నారు. అంత ఇరుకులోనూ ఒకరి భుజం ఇంకొకరికి తగలకుండా ముడుచుకుని కూర్చున్నారు. ఆడపడుచు మాత్రం గాలితో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతూనే ఉంది.

"పాపం మా తమ్ముడు కాబట్టి ఇన్నేళ్ళు మింగుకున్నాడు. ఇంకొకడైతేనా."

"వదినా, మీరు నోట్లో ఏమీ పెట్టుకోకపోయినా కాసేపు మూసుకోండి" అంది కర్టెన్లావిడ.

కూతురు ఫక్కున నవ్వింది. వెంటనే ఆపుకుంది.

లోపలికి పిలిచాక ముగ్గురి గుర్తింపు కార్డులూ చూశారు, ఫొటోలు తీశారు, సంతకాలు తీసుకుని వేలిముద్రలు వేయించారు. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి ఇచ్చిపోకుండా ఈ జాగ్రత్తలని ల్యాబ్ డాక్టరమ్మ చెప్పింది. మెకానిక్ ఇంక ఆగలేకపోయాడు.

"ఇదంతా దేనికండీ. నాది బి, ఈవిడది ఏ, ఆ అమ్మాయిది ఓ. దీన్నిబట్టి తెలియట్లేదా?"

"దీన్నిబట్టి ఏమీ తెలియదు" అంది ఆమె, చేతికి తొడుగులు తొడుక్కుంటూ. "మీ బి వెనకాల ఒక ఓ దాక్కుని ఉండొచ్చు. ఆవిడ ఏ వెనకాల కూడా ఉండొచ్చు. ఇద్దరూ ఆ దాగినదే బిడ్డకి ఇచ్చారనుకోండి, ఓ పుడుతుంది. ఏ, బి దంపతులకి ఓ పిల్లలు పుట్టడం మేం ఎన్నిసార్లో చూశాం. మీ ముగ్గురి గ్రూపుల్నిబట్టి మీరు తండ్రి అనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం."

కర్టెన్లావిడ గట్టిగా ఊపిరి వదిలింది. ఆసుపత్రి రోజు నుంచీ ఆ ఊపిరి లోపలే ఉండిపోయినట్టుంది.

మెకానిక్ కుర్చీ అంచుకి జరిగాడు. "అయితే ఆలోచించుకుని ఇంకోరోజు వస్తా" అని లేచాడు.

"కూర్చోండి" అంది కూతురు. స్టీరింగు వదిలేసిన మనిషికి చెప్పే గొంతు అది. "నోరు తెరవండి."

అతను కూర్చున్నాడు. నోరు తెరిచాడు.

దూదిపుల్లతో ఒక బుగ్గ లోపల, తర్వాత ఇంకో బుగ్గ లోపల తిప్పి తిప్పి రుద్దారు. నొప్పి లేదు, నెత్తురు లేదు. పుల్లల్ని ఆరబెట్టి, ఎవరివి వాళ్ళ కాగితం కవర్లలో పెట్టి, అతికించి, అతుకు మీద వాళ్ళ చేతే సంతకం పెట్టించారు. ముగ్గురిదీ అయ్యాక ల్యాబ్ డాక్టరమ్మ తొడుగులు తీసేసి చెప్పింది.

"ఇందులోంచి ఇరవై పైచిలుకు చోట్ల చూస్తాం. ఒక్కో చోట రెండేసి గుర్తులుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. తల్లిది పక్కన పెడితే మిగిలినది తండ్రిలో కనబడాలి. ఎక్కడో ఒకచోట కలవకపోతే దానంతట అది జరిగిన మార్పు అయ్యుండొచ్చు, ఇంకా లోతుగా చూస్తాం. చాలాచోట్ల కలవకపోతే ఆయన తండ్రి కాదు, అందులో మాట లేదు. అన్నిచోట్లా కలిస్తే తొంభైతొమ్మిది పాయింటు తొంభైతొమ్మిది పైన అని రాస్తాం. నూటికి నూరు అని ఎప్పుడూ రాయం, ముందే చెబుతున్నా." కాస్త ఆగి మళ్ళీ అంది. "ఏది వచ్చినా ఇంటికి వెళ్ళి ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. చాలామంది ఆలోచించుకోకుండా వస్తారు. రిపోర్టు చేతికొచ్చాక ఇక్కడే మెట్ల మీద కొట్టుకుంటారు."

ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మనుషుల చప్పుడు లేదు. ఆమె వండి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. అతను తిని చెయ్యి కడుక్కుని, పాడవని ఫ్రిజ్‌ని కూడా విప్పి మళ్ళీ బిగించేవాడు. ఒకసారి మాత్రం, "ఒకవేళ నాదే అని వస్తే?" అన్నాడు, ఆమెవైపు చూడకుండా. ఆమె ఖాళీ కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది.

ల్యాబ్ నుంచి కబురు వచ్చింది. మళ్ళీ అదే నలుగురు, అవే ఇనప కుర్చీలు. ల్యాబ్ డాక్టరమ్మ కాగితం బల్ల మీద పరిచి, వేలితో వరసలు చూపించింది. తల్లివి, పిల్లవి, ఇతనివి. చూసిన అన్నిచోట్లా కలిశాయి. కింద తొంభైతొమ్మిది, పాయింటు, ఆ తర్వాత తొమ్మిదులు.

"మీరే తండ్రి" అంది.

మెకానిక్ చాలాసేపు ఆ అంకెల్నే చూశాడు. తర్వాత ఆఖరి తొమ్మిది దగ్గర వేలు పెట్టాడు.

"ఇంకా కొంచెం మిగిలిందిగా. ఆ మిగిలింది ఎవరిది?"

"మీకు అచ్చుగుద్దినట్టు మీలాగే ఉండే కవల సోదరుడెవరైనా ఉన్నారా?"

"లేడు."

"అయితే ఆ మిగిలింది కూడా మీదే అనుకోండి. నమ్మకం లేకపోతే ఇంకోచోట చేయించుకోండి. ఇదే వస్తుంది."

ఆడపడుచు కుర్చీలో సర్దుకుంది. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా, ఆ ముక్కు మన ముక్కేనని" అంది. ఎవరూ ఆమెవైపు తిరగలేదు.

మెకానిక్ లేచి కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఏం చేయాలో చేతులకి తెలియలేదు. చివరికి ఆమె చంకలోని కర్రని పట్టుకోబోయాడు, మెట్లు దింపుదామని. ఆమె కర్ర అవతలికి జరుపుకుంది.

"నేను దిగగలను. మీరు ముందు వెళ్ళండి" అంది.

అతను అక్కతో పాటు దిగి వెళ్ళిపోయాడు. తల్లీ కూతుళ్ళు నెమ్మదిగా దిగుతున్నారు. కర్టెన్లావిడ ఒళ్ళు తేలిపోతోంది. ఇన్నేళ్ళ బరువు దిగింది, ఆ కాగితం సంచిలో ఉంది, ఇంక ఎవడు ఏమంటాడో చూస్తాను అనుకుంటోంది. మలుపు దగ్గర కూతురు ఆగింది. గోడకి ఆనుకుని, కర్రల మీద గడ్డం పెట్టుకుని వలవలా ఏడ్చింది.

"ఏడవకే. అయిపోయిందిగా. తేలిపోయిందిగా."

"కాకపోతే బాగుండుననుకున్నానమ్మా."

"ఏది?"

"ఆయన కాకపోతే. ఇంకెవరైనా అయితే." కూతురు చేత్తో ముక్కు తుడుచుకుంది. "చిన్నప్పటి నుంచీ అలాగే అనుకునేదాన్ని. నా అసలు నాన్న ఇంకెక్కడో ఉన్నాడని. నేను షాపుకొస్తే రంగురంగుల గుడ్డముక్కలు ఏరి ఇచ్చేవారు కదా, షాపు పాతాయన. ఆయనేమో అనుకునేదాన్ని. ఆయన చచ్చిపోయినప్పుడు దాక్కుని ఏడ్చాను."

కర్టెన్లావిడకి షాపు పాతాయన తండ్రిలాంటి మనిషి. ఆయన భార్య ఇప్పటికీ షాపు నడుపుతోంది. రోజూ మధ్యాహ్నం ఆవిడతో కలిసి తింటుంది తను.

"అంటే నువ్వు కూడా నమ్మావన్నమాట."

"నమ్మడం కాదమ్మా, కావాలనుకున్నా."

"రెండూ ఒకటే. కావాలనుకోవాలంటే ముందు నేను అలాంటిదాన్నని అనుకోవాలిగా."

కూతురు ఏదో అనబోయింది. తల్లి వినలేదు. మిగిలిన మెట్లు కూతురి వెనకే, పడిపోతే పట్టుకోవడానికి చెయ్యి సిద్ధంగా ఉంచుకుని దిగింది. ఆటో పిలిచి ఎక్కించింది. మొగుడు ఇన్నేళ్ళు అన్నదానికన్నా ఆ మలుపు దగ్గర విన్న మాట ఎక్కువ కోసింది. అతను బయట నిలబడి రాళ్ళేశాడనుకుంటే, కూతురు ఇంటి లోపల్నుంచే తలుపు తీసినట్టయింది. ఆ పిల్ల తప్పు కాదని మనసుకి తెలుసు. తెలిసినంత మాత్రాన మంట ఆరుతుందా?

ఆ రోజు మెకానిక్ ఇంటికి పళ్ళు తెచ్చాడు. సంచి బల్ల మీద పెట్టి, ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"జరిగిందేదో జరిగింది. ఇంక ఆ మాట ఎత్తుకోవద్దు మనం" అన్నాడు.

"ఎవరెవరికి చెప్పావో వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, నేనే తప్పు అనుకున్నానని చెప్పు. మీ అక్కకి, నీ పనివాళ్ళకి, ఆ వార్డులో నర్సుకి. చెప్పాక ఎత్తుకోను."

అతను ఉలిక్కిపడ్డాడు. ఆమె అన్న మాటకి కాదు, 'మీరు' పోయి 'నువ్వు' వచ్చినందుకు.

"ఏంటి ఆ మాట్లాడే పద్ధతి?"

"పద్ధతి నీ దగ్గరే నేర్చుకున్నా. చెబుతావా, చెప్పవా?"

"మగాణ్ణి, వీధిలోకెళ్ళి అలా చెప్పుకుంటానా?"

"ఇన్నాళ్ళూ ఇంకోలా చెప్పుకున్నావుగా. అప్పుడు మగాడివి కావా?" కర్టెన్లావిడ లోపలికి వెళ్ళి అతని బట్టలు ఒక సంచిలో సర్ది తెచ్చి, పనిముట్ల పెట్టె పక్కన పెట్టింది. "మీ అక్క దగ్గర ఉండు. ఆవిడకి ముక్కులూ చెవులూ బాగా తెలుసు. ఈ ఇల్లు నేను అద్దెకి తీసుకున్నది, ఇక్కడ నేనుంటా."

అతను కాసేపు అరిచాడు. తర్వాత బతిమాలాడు. ఆమె వెళ్ళి ఇంట్లో ఉన్న పాత కుట్టుమిషను ముందు కూర్చుని పెడలు తొక్కింది. ఆ చప్పుడులో అతని మాట వినబడలేదు. వెళ్ళిపోయాడు.

అక్క ఇంట్లో అతను నెల తిరిగేదాకా కూడా ఉండలేకపోయాడు. కూరలో ఉప్పు దగ్గర మొదలైన గొడవ చెవుల దాకా వెళ్ళిందట. నువ్వే నా బుర్ర చెడగొట్టావని ఇతను, నీకు బుర్ర ఉంటేగా అని ఆవిడ. తను పనిచేసే చోటికి దగ్గర్లో ఒక గది తీసుకున్నాడు. ఒకరోజు, కూతురి ఫ్రిజ్ పాడైందని ఎవరో చెబితే పనిముట్ల పెట్టె పట్టుకుని ఆమె గదికి వెళ్ళాడు. ఆమె తలుపు తీస్తే లోపల ఇంకో మెకానిక్ కూర్చుని ఫ్రిజ్ వెనక రేకు విప్పుతున్నాడు.

"నన్ను పిలవచ్చుగా" అన్నాడు తండ్రి.

"తెలిసినవాళ్ళని ఇబ్బంది పెట్టడం నాకు అలవాటు లేదండీ" అంది కూతురు. మంచినీళ్ళు ఇచ్చింది. కూర్చోమనలేదు. నీళ్ళు తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతికే ఇచ్చి వచ్చేశాడు.

తల్లితో కూడా కూతురికి అంత తేలిగ్గా కుదరలేదు. ఫోన్ చేస్తే కాలెలా ఉందని అడిగి పెట్టేసేది కర్టెన్లావిడ. మధ్యాహ్నం షాపు యజమానురాలితో తినేటప్పుడు చాలారోజులు తలెత్తలేకపోయింది. ఏమైందని ఆవిడ అడిగితే పంటినొప్పి అంది. ఆ అబద్ధానికి కూడా కూతురి మీదే కోపం వచ్చింది.

కట్టు విప్పి, కర్రలు పోయి, కాస్త కుంటుతూ నడిచే రోజుల్లో కూతురు పిలవకుండానే షాపు వెనకగదికి వచ్చింది. కర్టెన్లావిడ ఏదో హోటలు హాలుకి కావలసిన పెద్ద కర్టెన్ ఒక్కతే మడతపెట్టలేక తంటాలు పడుతోంది. కూతురు ఏమీ అడక్కుండా అవతలి కొస పట్టుకుంది. ఇద్దరూ బల్లకి ఇటూ అటూ నిలబడి గుడ్డ బిగలాగారు.

"ఆ రోజు మెట్ల మీద అలా అనకుండా ఉండాల్సిందమ్మా."

"అన్నందుకు కాదే. అనుకున్నందుకు."

"చిన్నపిల్లని. నువ్వు ఏమీ చెప్పేదానివి కాదు. ఆయన కాదంటాడు, నువ్వు నోరు మూసుకుని ఉంటావు. నేనేమనుకోవాలి?"

కర్టెన్లావిడ గుడ్డలో పడ్డ ముడతని చేత్తో సాపు చేసింది. ఒట్లు పెట్టింది, ఏడ్చింది, ఎన్నో చేసింది. అన్నీ అతనికే. ఆ పిల్లని కూర్చోబెట్టుకుని, మీ నాన్న అంటున్నది అబద్ధమని ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని తోచనే లేదు.

"నాకింకా కోపం పోలేదు" అంది చివరికి.

"నాక్కూడా" అంది కూతురు.

"నీ కొస కిందికి జారుతోంది. సరిగ్గా పట్టుకో."

కూతురు పైకి పట్టుకుంది. అంచుకి అంచు కలిపి మడిచి, ఇంకో కర్టెన్ తీశారు.